నలభై ఎనిమిది చుక్కలు

కాశీబుగ్గలో జెరాక్స్ షాపు మీద మా గది.
కింద మిషను కదిలినప్పుడల్లా
పైన బల్ల మీద పదకొండు ఫోన్లు సన్నగా వణుకుతాయి.
ఒకదానికి అద్దం పగిలింది. ఒకదానికి బ్యాటరీ ఉబ్బింది.
రెండు టాబ్లెట్లు, మూతపడ్డ ట్యూషన్ సెంటర్లో
కుర్చీలతో పాటు బేరమాడి కొన్నవి.
వీటన్నిట్లో తెరుచుకుంటేనే
మేం రాస్తున్నది బ్రౌజరు.
లేకపోతే మా ఇద్దరి పిచ్చి.

తారకేశ్ ఇంజను చూస్తాడు.
నేను తెర చూస్తాను, అంటే
వేలు ఎక్కడ ఆనుతుంది, ఎక్కడ జారుతుంది,
వెనక్కి వెళ్లే బాణం బొటనవేలికి అందుతుందా లేదా అని.
ఆరు నెలలుగా నా ఉద్యోగం
మనిషి వేలు గురించి ఆలోచించడం.

'లక్ష్మి' ఒక్క మాట కోసం నాలుగు రాత్రులు.
కిందికి దిగాల్సిన ఒత్తు
తోవ తప్పి పక్క అక్షరం నెత్తినెక్కి కూర్చునేది.
అయిదో రాత్రి మూడింటికి కుదురుగా నిలబడింది.
ఆ పేరుతో తారకేశ్‌కి చుట్టరికం ఏమీ లేదు
అయినా మెట్లు దిగిపోయి
తాళం వేసిన షట్టరు మీద రెండు దెబ్బలు కొట్టి వచ్చాడు.

మర్నాడు ఫోను పట్టుకుని
పలాస అవతల జీడి షెడ్డుకి వెళ్లాను.
కాల్చిన పిక్కల పొగ, కమురు వాసన,
వరసగా ఆడవాళ్లు, చేతులకి బూడిద.
దమయంతమ్మకి పీఎఫ్ ఎంతుందో చూడాలట.
చూపుడువేలు పెట్టింది. ఏమీ కాలేదు.
ఇంకా గట్టిగా నొక్కింది. కాలేదు.
చీరకి తుడుచుకుని మళ్లీ.

"ఏటి బావూ, నువ్వు ముట్టుకుంటే పలుకుతాది,
నాను ముట్టుకుంటే పలకదేటి?"

చెయ్యి నా ముందు పెట్టింది.
ఇరవైయేళ్ల జీడిసొన తాగేసిన వేలికొసలు.
నున్నగా, మందంగా, గీత అన్నది లేకుండా.
రేషన్ డిపో మిషనుకీ ఈ వేలు ఎవరిదో తెలీదట.

తర్వాత ఆవిడే వేలు మడిచి
కణుపుతో తట్టింది, ఇంటి తలుపు తట్టినట్టు.
పేజీ కదిలింది!
తట్టుకుంటూ తట్టుకుంటూ లోపలికి పోయింది గాని
కణుపు కింద ఏముందో కనపడదు కదా,
'సరే' అనుకుని 'రద్దు' మీద తట్టేసింది.
అంతా మొదటికొచ్చింది.
పక్కన కూర్చున్న గుంటలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

గదికొచ్చి చెప్పాను, బొత్తాలు పెద్దవి చేద్దామని,
మధ్యలో జాగా వదులుదామని.
నలభై ఎనిమిది చుక్కలు చాలు, అన్నాడు తారకేశ్,
లోకమంతా అదే కొలత.
ఆ లోకం ఎప్పుడైనా జీడిపిక్క కొట్టిందా, అన్నాను.
ఒక తెరకి రెండు వరసలు తగ్గిపోతాయి, అన్నాడు.
తగ్గనీ.
సాయంత్రం దాకా మాట్లాడుకోలేదు.
టీ తెచ్చిచ్చి, నా బల్ల మీద తన వేలు మడిచి
తనే తట్టి చూశాడు. ఒకసారి, రెండోసారి.
అరవై నాలుగు పెట్టు, అన్నాడు.

మళ్లీ వారం వెళ్లాను.
ఈసారి తలుపులన్నీ తెరుచుకున్నాయి.
అంకె వచ్చింది.
ఆవిడ దాన్ని మెల్లగా, అంకె తర్వాత అంకె
పెదవులతో చదువుకుంది. రెండేళ్లుగా
అక్కడేమీ పడలేదు.

"మీ పెట్టి బాగానే తెరుసుకుంది బావూ," అంది
ఫోను నా చేతిలో పెడుతూ,
"అందులో డబ్బే నేదు."
పిక్కల గంప ముందుకి లాక్కుంది.

రాత్రి మా తప్పుల జాబితాలో
ఆ తప్పు పక్కన 'సరి' అని టిక్కు పెట్టాను.
ఇంకో తప్పు ఉంది, మా రాతలో లేదు,
దాన్ని ఏ గడిలో రాయాలో తెలీలేదు.
కింద మిషను తిరుగుతోంది, ఫోన్లు వణుకుతున్నాయి.
ఒకదాని అంచున గోధుమరంగు మరక.
చొక్కాతో తుడిచాను, స్పిరిటుతో తుడిచాను.
జీడి మరక కదా.